కైసర్ షేక్‌పేటీ వారసులు

ఫిల్మ్‌నగర్, హైదరాబాదు
12 జూన్ 1994

భూలక్ష్మీ,

నీ మోకాళ్ల సంగతి చివర అడుగుతాను. ముందు నా పీకల మీదికి వచ్చిపడింది విను.

జానకిరామయ్య గారని ఒక పెద్దమనిషి ఉన్నారు. కలెక్టరుగా రిటైరై, జూబ్లీహిల్స్‌లో బండరాళ్ల మధ్య ఇల్లు కట్టుకుని, పొద్దుపోక సాహిత్యాన్ని ఉద్ధరిస్తున్నారు. ఆయన అధ్యక్షుడుగా దక్కన్ కథా సమితి అని ఒకటి వెలసింది. పోలీసు చర్య తర్వాత హైదరాబాదు మీద తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం, హిందీల్లో వచ్చిన కథల్ని ఏరి పెద్ద సంకలనం వేస్తారట. సంపాదకత్వం నాకిచ్చారు. అయిదు భాషలూ చదవగలిగి, అధ్యక్షుడికి ఎదురు చెప్పని మనిషి ఊళ్లో ఇంకెవరూ దొరకలేదు కాబోలు.

నాకు సంతోషంగానే ఉంది. ముప్ఫయ్యేళ్లకి పైగా ఇతరుల వాక్యాలు మోస్తున్నాను. ఇప్పటికీ పగలంతా ఇక్కడి డబ్బింగ్ స్టూడియోలో కూర్చుని, హిందీ సీరియళ్లలో అత్తగార్ల పెదవులకి సరిపోయే తెలుగు తిట్లు రాస్తున్నాను. ‘కమీనీ’ అన్నప్పుడు నోరు ఎలా కదులుతుందో అలాగే కదిలే తెలుగు మాట ఏదైనా తడితే రాయి, రెండు రోజులుగా అక్కడే ఆగిపోయాను. అలాంటి దానికి ఒక పుస్తకం అట్ట మీద పేరు పడుతుందంటే చేదా?

చిక్కు మొన్న మీటింగులో వచ్చింది. జానకిరామయ్య గారు బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, “మొదటి కథ మాత్రం కైసర్ షేక్‌పేటీ ‘పాత మొహరు’ ఉండాలండీ. ఎదురు పేజీలో ఉర్దూ మూలం కూడా వేద్దాం. మీ దగ్గర ఉంటుందిగా” అన్నారు. ఉంటుందండీ అన్నాను. ఏం చేయను, నోట్లోంచి వచ్చేసింది.

కైసర్ షేక్‌పేటీ సంగతి నీకూ నాకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. నీ మతిమరుపు ఎరుగుదును కనక మొదటి నుంచి రాస్తున్నాను. 1959లో నారాయణగూడ హాస్టల్లో మనది ఒకే గది. నిజాం కాలపు కచేరీ గుమాస్తా ఒకాయన, ఆయన కొట్టే ఉర్దూ ముద్ర సంగతి నువ్వు చెప్తే విని, నేను ‘పాత మొహరు’ రాసి మూడు పత్రికలకి పంపాను. మూడూ తిప్పికొట్టాయి. రేపల్లె నుంచి నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయికి తాలూకా కచేరీ గురించి ఏం తెలుసని ఒక సంపాదకుడు రాశాడు కూడా. నువ్వు మంచం మీద కూర్చుని సీతాఫలం తింటూ, “ఉర్దూల నుంచి తెచ్చిన అని రాయి, ఏసుకుంటరు” అన్నావు. పేరు కూడా నువ్వే పెట్టావు. అదే కథని ‘ఉర్దూ మూలం: కైసర్ షేక్‌పేటీ, అనువాదం: రమామణి’ అని పంపితే, ఆ సంపాదకుడే బొమ్మ గీయించి మరీ వేశాడు. మూలంలోని వేదన అనువాదంలో కొంత తగ్గినట్టుందని ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు.

తర్వాత ఆయన పేరు మీద ఇంకో పదకొండు కథలు రాశాను. నా పేరు మీద రాసినవేవీ ఎవరూ వేసుకోలేదు. 1971లో ఒక సంఘం వాళ్లు ఆయనకి సన్మానం చేస్తామని వెంటపడితే గత్యంతరం లేక చంపేశాను. సంతాప వ్యాసం కూడా నేనే రాశాను. చాలా బాగా వచ్చింది.

ఇప్పుడు ఉర్దూ మూలం కావాలి. నేను ఉర్దూ చదవగలను కానీ, ఆ భాషలో కథ రాస్తే రెండో వాక్యానికే రేపల్లె బయటపడుతుంది. నువ్వు చిన్నప్పుడు ఉర్దూలో చదువుకున్నదానివి. ‘పాత మొహరు’ని ఒక పాత నోటుబుక్కులో ఉర్దూలోకి దించి పంపు. ఎవరికీ నష్టం లేదు.

మోకాళ్లెలా ఉన్నాయి?

రమామణి

*

గుల్బర్గా
20 జూన్ 1994

రమామణికి,

మోకాళ్లు చివరి వాక్యం దాకా ఓపిగ్గా ఎదురు చూశాయి. అవి తప్ప మిగతా నేను బాగానే ఉన్నాను.

నువ్వడిగిన పని చెయ్యను. ముప్ఫయ్యొక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. జవాబు ముందు రాసుకుని, దానికి తగ్గట్టు లెక్క అల్లే పిల్లల్ని బెంచీ ఎక్కించాను. ఇప్పుడు నేనే ఆ పని చేస్తే, బెంచీ ఎక్కడానికి కూడా నాకు మోకాళ్లు లేవు.

మూలం పోయిందని చెప్పు. చెదలు తిన్నాయను, ఇల్లు మారేటప్పుడు పోయిందను. ఇన్నేళ్లు అబద్ధమాడినదానికి ఇంకొకటి బరువా? లేదంటే నిజం చెప్పేయి. ఆ కథ నీదే కదా.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో. కైసర్ షేక్‌పేటీ వారసులెవరైనా ఉన్నారా అని ఆ కలెక్టరు గారు పత్రికలో ప్రకటన వేస్తానంటే మాత్రం వేయనివ్వకు. ఎందుకని అడగకు.

‘కమీనీ’కి ‘చీమిడి’ పెట్టి చూడు. పెదవులు సరిగ్గా అదే చోట కలుస్తాయి.

భూలక్ష్మి

*

ఫిల్మ్‌నగర్
24 జూలై 1994

భూలక్ష్మీ,

‘చీమిడి’ అతికినట్టు సరిపోయింది. డైరెక్టరు రెండుసార్లు వేయించుకుని చూశాడు. నీ రెండో సలహా మాత్రం ఆలస్యమైంది. నేను చెదల కథ చెప్పేలోపే జానకిరామయ్య గారు ఒక ఉర్దూ దినపత్రికలో ప్రకటన వేయించారు.

ఆ సంగతి తెలిసి ముందు వచ్చినవాడు వేంకటరమణ అనే సినిమా నిర్మాత. మా స్టూడియో ఎదురు మేడలోనే ఆయన ఆఫీసు. ఉర్దూ కథంటే క్లాస్‌గా ఉంటుందట, ‘పాత మొహరు’ని సినిమా తీస్తాడట. గుమాస్తాని పోలీసాఫీసర్ని చేసి, మొహరు బదులు పిస్తోలు పెట్టి, మిగతాదంతా రచయిత ఎలా రాశాడో అలాగే ఉంచుతానన్నాడు. మిగతాదేమిటో నాకు అర్థం కాలేదు. వారసుల సంతకం తెచ్చిపెట్టమన్నాడు. వారసులు ఎక్కడి నుంచి వస్తారులే అని తలూపి వచ్చేశాను.

పోయిన గురువారం జూబ్లీహిల్స్ నుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి హాల్లో నలభై అయిదేళ్ల ఆవిడ ఒకరు, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని, టీ ముట్టుకోకుండా కూర్చుని ఉన్నారు. పేరు హమీదా. టోలిచౌకిలో ఒక ఉర్దూ మీడియం బడికి హెడ్‌మిస్ట్రెస్. జానకిరామయ్య గారు పెళ్లికూతురి తండ్రిలా హడావిడి పడుతూ, “కైసర్ షేక్‌పేటీ గారి అమ్మాయండీ” అని పరిచయం చేశారు.

లేని మనిషి కూతురికి నేను రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాను.

ఆవిడ సంచిలోంచి ఒక కచేరీ రిజిస్టరు తీసింది. గళ్లనీ గీతల్నీ పట్టించుకోకుండా సన్నటి ఉర్దూ రాత. పన్నెండు కథలు. నావే, నేను అచ్చు వేయించిన వరసలోనే. వాళ్ల నాన్న సాయంత్రం నమాజు అయ్యాక ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చదివేవారట. తెలుగు పత్రికలో వచ్చింది కూడా తెచ్చి చూపించేవారట. వాళ్లెవరికీ తెలుగు చదవడం రాదు. పేజీ మీద నాన్న వేలు పెట్టి చూపించిన చోట ఆయన పేరుందని మాత్రం తెలుసు. ఆవిడ మమ్మల్ని అడిగింది ఒక్కటే, పుస్తకంలో నాన్న ఫొటో వేస్తారా అని.

రిజిస్టరు ఇంటికి తెచ్చుకున్నాను. ఏ మోసగాడో నా కథలు ఉర్దూలోకి ఎత్తుకెళ్లాడని తిట్టుకుంటూ మొదలుపెట్టాను. రెండో పేజీకల్లా తిట్లు ఆగిపోయాయి. జీవితమంతా చేసిన పని, మంచి అనువాదం కనబడితే పోల్చుకోలేనా? ఒక మాట రాసి కొట్టేశాడు, ఇంకోటి రాసి దాన్నీ కొట్టేశాడు, చివరికి మొదటి మాటకే తిరిగొచ్చాడు. నేను తెలుగులో బద్ధకంగా వదిలేసిన చోట్ల కూడా ఆయన బద్ధకించలేదు.

‘పాత మొహరు’ చివర కొత్త ప్రభుత్వం వాళ్లు ఉర్దూ మొహరు తీసుకెళ్తుంటే గుమాస్తా కన్నీళ్లు పెట్టుకుంటాడు కదా. ఆ కన్నీళ్లని ఎంతమంది మెచ్చుకున్నారో. రిజిస్టర్లో కన్నీళ్లు లేవు. గుమాస్తా వంగి బల్ల కింద సిరాడబ్బా మూత వెతుకుతాడు, తెరిచి ఉంచితే సిరా ఎండిపోతుందని. కొట్టడానికి మొహరు లేదు, సిరాకి మాత్రం మూత కావాలి. అది చదివి నేను లేచి వంటింట్లోకి వెళ్లి, ఎందుకొచ్చానో తెలియక కాసేపు నిలబడ్డాను. ఇంత నిజమైన సంగతి ఎవరూ కూర్చుని ఊహించలేరు.

ఎవరీయన? నీకేదో తెలుసు. రాయి.

రమామణి

*

గుల్బర్గా
2 ఆగస్టు 1994

రమా,

ఆ పేరు నేను కల్పించింది కాదు.

షేక్‌పేటలో మా ఇంటికి మూడో ఇల్లు కైసర్ అలీ సాబ్‌ది. తాలూకా కచేరీలో గుమాస్తా. నాకు అలిఫ్, బే దిద్దించింది ఆయనే. ఊళ్ల భూముల లెక్కలు చూసీ చూసీ తెలుగు మా నాయన కంటే బాగా చదివేవాడు. పోలీసు చర్య తర్వాత కచేరీలో భాష మారింది, మొహరు మారింది, ఏడాది తిరగకుండానే ఆయన కొలువు కూడా పోయింది. హాస్టల్లో నీకు చెప్పింది ఆయన సంగతే. మొహరు తీసుకుపోతుంటే ఏడ్చాడని చెప్పింది కూడా నేనే. అప్పుడు నాకు పన్నెండేళ్లు. కచేరీ కిటికీలోంచి చూశాను. ఆయన బల్ల కిందికి వంగితే ఏడుస్తున్నాడనుకున్నాను.

నువ్వు ఉర్దూ పేరు కావాలంటే నోటికి వచ్చింది అదే. దానికి ఊరి పేరు తగిలించాను. ఆయన తెలుగు పత్రిక చూస్తాడని నాకు తట్టనే లేదు. కథ అచ్చయిన నెలలో ఇంటికి పోతే గల్లీలో ఆపాడు. చేతిలో పత్రిక ఉంది.

“ఎవరు బిడ్డా ఈ రమామణి? నా పేరు మీద నా ముచ్చటే రాసింది.”

దాచలేక అంతా చెప్పేశాను. కోపం చేస్తాడనుకున్నాను. ఆయన గోడకి ఆనుకుని తన సంగతి చెప్పాడు. గల్లీలో ఎవరో పత్రిక చూసి, ఇది నువ్వేనా సాబ్ అని ఇంటికొచ్చి అడిగారట. బేగం సాబ్ ముందు, పిల్లల ముందు, ఔనన్నాడట. కొలువు పోయి అప్పటికి పదేళ్లు. ఇల్లు ఆమె కుట్టుమిషను మీద నడుస్తున్నది. పగలంతా నువ్వేం చేస్తవని అడిగేవాళ్లకి చెప్పడానికి, ఇన్నాళ్లకి ఆయనకి ఒక మాట దొరికింది. దాన్ని మళ్లీ ఎలా లాక్కోవాలో నాకు తెలియలేదు.

“ఆమెకు చెప్పకు బిడ్డా. చెప్తే రాసుడు బంద్ చేస్తది” అన్నాడు.

అందుకే చెప్పలేదు. నువ్వు రాసిన ప్రతి కథా నేనే తీసుకుపోయి ఇచ్చాను. పెళ్లై ఇక్కడికి వచ్చాక పోస్టులో పంపాను. ఒక్కో కథ మీద నెల, రెండు నెలలు కూర్చుని ఉర్దూలో రాసి, ఇంట్లో చదివేవాడు. పన్నెండేళ్లు నీ ప్రతి మాట దగ్గరా ఆగిన పాఠకుడు ఒకడున్నాడు. ఆ ముక్క నీకు తెలియకుండా చేసింది నేను.

1971లో నువ్వు చంపినప్పుడు ఆ సంతాప వ్యాసం కూడా పంపాను. చాలా బాగుందనీ, తాను ఇంత గొప్పవాడినని తనకే తెలియదనీ జవాబు రాశాడు. ఇక రాయడం మానేశానని ఇంట్లో చెప్పుకున్నాడట. ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికాడు.

ఇక తిట్టు.

భూలక్ష్మి

*

ఫిల్మ్‌నగర్
9 ఆగస్టు 1994

భూలక్ష్మీ,

నిన్ను తిట్టడానికి నాకు వచ్చిన అయిదు భాషలూ చాలలేదు. కొన్ని బాగా కుదిరాయి, సీరియల్‌కి పనికొస్తాయని రాసి పెట్టుకున్నాను.

ఒక్క బస్సెక్కితే చూసి ఉండేదాన్ని ఆ మనిషిని. చూడలేదు సరికదా, బతికుండగా సంతాపం రాశాను.

హమీదా గారికి చెప్పడానికి వచ్చే వారం వెళ్తున్నాను.

రమామణి

*

గుల్బర్గా
13 ఆగస్టు 1994

రమా,

వద్దు. వెళ్లకు.

నీకు కోపం నా మీద. అది నా మీదే తీర్చుకో. ఆ అమ్మాయి తండ్రిని చూసి చదువుకుంది, తండ్రి పేరు చెప్పుకుని తలెత్తుకుని తిరిగింది. ఇప్పుడు నువ్వు పోయి ఏమంటావు, మీ నాన్న నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టుకుని అబద్ధమాడాడని చెప్తావా? నీ కథలు నీకు కావాలనే ఆశ పుట్టి ఉంటే ఒప్పుకో. అందులో తప్పు లేదు. దానికి నిజాయితీ అని పేరు మాత్రం పెట్టకు.

ఫొటో వేస్తే నీకు పోయేదేముంది?

భూలక్ష్మి

*

ఫిల్మ్‌నగర్
4 సెప్టెంబర్ 1994

భూలక్ష్మీ,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను వెళ్లి రావడం కూడా అయిపోయింది.

ఆశ ఉంది. చాలా ఉంది. ఆ రిజిస్టరు చదివిన దగ్గర నుంచి నా కథలు నాకు కావాలనిపిస్తోంది, చిన్నపిల్లలా. కానీ అదొక్కటే అయితే సిగ్గుపడి ఊరుకునేదాన్ని. ఆయన ఫొటో కింద రచయిత అని వేస్తే, ఆయన నిజంగా చేసిన పని ఏమిటో ఇంకెప్పటికీ ఎవరికీ తెలియదు. నేను రాసినవాటికి ఆయన్ని మెచ్చుకుంటారు. ఆయన తిప్పలు పడ్డవాటిని ఎవరూ చూడరు. మా వృత్తిలో మామూలుగా జరిగేదే ఇది. ఆయనకి కూడా జరగడం నాకు నచ్చలేదు.

ఇదంతా తోవలో బాగా వల్లించుకున్నాను. టోలిచౌకిలో ఆవిడ ముందు కూర్చున్నాక ఒక్క ముక్కా గుర్తు రాలేదు. మొదటి నుంచి చివరిదాకా జరిగింది జరిగినట్టు చెప్పాను, హాస్టలూ, సీతాఫలంతో సహా. ఆవిడ అంతా విని, అమ్మీకి ఈ సంగతి తెలుసా అని అడిగింది. వాళ్లమ్మ పోయి ఆరేళ్లయింది. నాకు తెలియదన్నాను. రిజిస్టరు తీసుకుని గుండెలకి ఆనించుకుని, తలుపు తీసి పట్టుకుంది. ఇక మీరు వెళ్లవచ్చు అనలేదు. అంత మర్యాదస్తురాలు.

అక్కడి నుంచి జూబ్లీహిల్స్ వెళ్లి జానకిరామయ్య గారికీ చెప్పేశాను. ఆయన చేతిలో బిస్కెట్టు టీలో కరిగిపోయింది. “ముప్ఫయ్యయిదేళ్లు పాఠకలోకాన్ని మోసం చేశారండీ మీరు” అన్నారు. ఆ పాఠకలోకం నన్ను ఏం చేసిందో చెప్పబోయి మానేశాను. వారం తిరక్కుండా సమితి నుంచి ఉత్తరం వచ్చింది. నేను సంపాదకురాలిని కాను. ‘పాత మొహరు’ సంకలనంలో ఉండదు. సంపాదకత్వం అధ్యక్షులవారే స్వయంగా వహిస్తారు. నేను మూడు నెలలుగా చేసిన ఎంపికలూ, అనువాదాలూ, ముందుమాట చిత్తుప్రతీ మాత్రం సమితి దగ్గరే ఉంటాయి. కృతజ్ఞతల్లో నా పేరు వేస్తారట, చివరి నుంచి రెండోది. నా తర్వాత కరెంటు పని చేసిన భిక్షం.

నిర్మాతకి కూడా చెప్పాను. “అంటే రోజూ మా ఎదురుగా టీ తాగే మీరేనా రాసింది?” అని కాసేపు నన్ను తేరిపార చూసి, అయితే కథలో క్లాస్ తగ్గుతుందేమోనండీ అన్నాడు.

కాబట్టి పుస్తకం పోయింది, సినిమా పోయింది, ఆవిడకి తండ్రి పోయాడు. నువ్వు చెప్పిందే సరైంది కావచ్చు. ఆ మాట వెయ్యిసార్లు అనే హక్కు నీకుంది. ఇప్పుడే అనకు.

రమామణి

*

ఫిల్మ్‌నగర్
30 అక్టోబర్ 1994

భూలక్ష్మీ,

నాకు చెప్పకుండా నువ్వు ఇంకో పని చేశావు. నీకు ఈ రోగం పుట్టుకతో వచ్చినట్టుంది.

నిన్న మధ్యాహ్నం హమీదా గారు ఇక్కడికి వచ్చింది. షేక్‌పేట వైపు నుంచి ఎండలో కొండ చడావు ఎక్కి, ఆయాసపడుతూ. నేను డబ్బింగ్ కాగితాల మధ్య, జుట్టు ముడి కూడా సరిగా లేకుండా కూర్చుని ఉన్నాను. మంచినీళ్లు తాగి, సంచిలోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టింది. కైసర్ సాబ్ నీకు రాసిన ఉత్తరాలు. ఇన్నేళ్లు దాచి, అన్నీ ఆవిడకి పంపేశావట.

చదవమంది. నీకు తెలిసినవే కనక తిరిగి రాయను. ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేను. నా ఏడో కథలో ‘కునుకు’ అని రాశాను. దానికి ఉర్దూలో సరిపోయే మాట మూడు రోజులుగా దొరకడం లేదనీ, నీంద్ అంటే గాఢనిద్రలా మరీ బరువైపోతోందనీ, ఆమె ఏ ఉద్దేశంతో వేసిందో ఎలాగైనా కనుక్కోమనీ నిన్ను బతిమాలాడు. నువ్వు హాస్టలు రోజుల్లోలా ఉత్తినే అడిగినట్టు నాకో కార్డు రాశావు, జ్ఞాపకం వచ్చింది. లెక్కల టీచరుకి కునుకు గోల ఏమిటని నవ్వుకున్నాను అప్పుడు.

హమీదా గారు ఆ ఉత్తరం మీద వేలు పెట్టి మాట్లాడింది. ఉర్దూలోనే అంది, నేను తెలుగులో రాస్తున్నాను.

“రెండు నెలలు మా నాన్న కథకుడు కాడని ఏడ్చాను. ఇవి చదివాక రిజిస్టరు మళ్లీ తీసి చూశాను. ఒక్క పేజీలో పదకొండు చోట్ల కొట్టివేతలున్నాయి. అబద్ధమాడేవాడు ఇంత కష్టపడడు. ఆయన చేసిన పనికి ఏం పేరుందో ఆ పేరే పెట్టండి. అనువాదం అని రాయండి. అది తక్కువ పనా?”

నన్నడుగుతోంది భూలక్ష్మీ, ఆ ప్రశ్న. నా ఎదురుగా కూర్చుని, నన్ను.

కాదన్నాను. అప్పుడు టీ తాగింది.

కథలు మేమే వేస్తున్నాం. తెలుగు ఎడమ వైపు నుంచి మొదలవుతుంది, ఉర్దూ కుడి వైపు నుంచి మొదలవుతుంది. రెండు వైపులా రెండు అట్టలు, మధ్యలో రెండూ కలుస్తాయి. ఒక అట్ట మీద ‘రచన: రమామణి’. ఇంకో అట్ట మీద ‘తెలుగు నుంచి ఉర్దూ అనువాదం: కైసర్ అలీ షేక్‌పేటీ’. అక్షరాలు రెండు పేర్లకీ ఒకే కొలత, స్కేలు పెట్టి కొలిచింది ఆవిడ. బోరబండలో సినిమా పోస్టర్లు వేసే జంగయ్య ప్రెస్సులో అచ్చు. ఆయన జీవితంలో మొదటి పుస్తకం ఇది. హీరో బొమ్మ లేకుండా అట్ట ఎట్ల అమ్ముడుపోతదమ్మా అని దిగులుపడుతున్నాడు.

కథ చివర కన్నీళ్లు తీసేశాను. మూత పెట్టాను. కింద గమనికలో ఈ మార్పు అనువాదకుడిదని రాశాను.

ఫిబ్రవరిలో రావాలి నువ్వు.

రమామణి

*

గుల్బర్గా
22 జనవరి 1995

రమా,

మోకాళ్లకి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. సరిగ్గా మీ సభ వారమే. డాక్టరు అంతకంటే వెనక్కి జరపనన్నాడు.

నీకు అబద్ధాలు రాసి అలసిపోయాను కనక నిజం రాస్తున్నాను. తేదీ అడిగి తీసుకున్నది నేనే. హమీదాని ఎత్తుకుని తిప్పినదాన్ని. ఆమె ఇంటికి పత్రిక తీసుకుపోయి, ఇదిగో మీ అబ్బాజాన్ కథ అని ఆమె చేతికిచ్చినదాన్ని. ఉత్తరాల కట్ట పంపినప్పుడు పైన నాలుగు వాక్యాలు రాశాను, దానికి జవాబు రాలేదు. నీ మొహం చూసినంత సులువు కాదు ఆమె మొహం చూడటం.

సభలో ఏం జరిగిందో అంతా రాయి. నాకు బాధ కలిగేవి కూడా.

భూలక్ష్మి

*

ఫిల్మ్‌నగర్
20 ఫిబ్రవరి 1995

భూలక్ష్మీ,

ఆపరేషన్ బాగా జరిగిందని మీ అబ్బాయి ఫోన్ చేశాడు. నడక నేర్చుకో. పని ఉంది.

సభ హమీదా గారి బడిలోనే జరిగింది. ఎనభై మంది దాకా వచ్చారు. సగం మందికి తెలుగు రాదు, సగం మందికి ఉర్దూ రాదు. అందుకని ఎవరేం మాట్లాడినా ఇంకో భాషలోకి చెప్పే పని నాకే పడింది. నా పుస్తకం ఆవిష్కరణలో కూడా ఒళ్లు వంచక తప్పలేదు.

జానకిరామయ్య గారు వచ్చారు. పిలిచానే తప్ప వస్తారనుకోలేదు. వెనక వరసలో పిల్లల బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని చివరిదాకా విన్నారు. సమితి సంకలనం ఆగిపోయిందట. కన్నడ కథల్లో ఒకటి తలకిందులుగా అచ్చయిందని ఎవరో చూసేదాకా ఎవరికీ తెలియలేదట. ప్రూఫులు చూసిపెడతారా అని వెళ్లేటప్పుడు అడిగారు. అట్ట మీద పేరుంటే చూస్తానన్నాను. ఆలోచిస్తానన్నారు.

వేంకటరమణ రాలేదు. పూలగుత్తి పంపాడు. దాని మీద కైసర్ సాబ్‌కి శుభాకాంక్షలు అని ఉంది.

ఇక నువ్వు అడిగింది. చివర హమీదా గారు మాట్లాడింది. కాగితం లేకుండా, ఉర్దూలో, బడిలో పిల్లలతో మాట్లాడినట్టు. నేను పక్కన నిలబడి ఒక్కో వాక్యం తెలుగులో చెబుతున్నాను.

ఈ పుస్తకం వెనక ముగ్గురు దొంగలున్నారని మొదలుపెట్టింది. నేను తెలుగులో చెప్పాను. ఒకరు మా నాన్న పేరు దొంగిలించారు, ఆమె ఇదిగో నా పక్కనే నిలబడి ఉంది అంది. అదీ చెప్పాను, వేలు నా వైపు చూపించుకుని. జనం నవ్వారు. రెండో దొంగ మా నాన్న, ఆయన ఈమె కథలు దొంగిలించి మా ఇంటికి తెచ్చుకున్నాడు అంది. మూడో దొంగ మా గల్లీలో పెరిగిన లెక్కల టీచరు, ఇద్దరి దొంగతనమూ తెలిసి ఇద్దరికీ సాయం చేసింది అంది. నీ పేరు చెప్పలేదు, కానీ షేక్‌పేట నుంచి వచ్చిన ముసలమ్మలు కొందరు భూలక్ష్మి, భూలక్ష్మి అని గొణుక్కున్నారు. నీకు జవాబు రాయకపోవడానికి కారణం కూడా చెప్పింది. ఉత్తరంలో తిడితే చాలదట, ఎదురుగా కూర్చోబెట్టుకుని తిట్టి, తర్వాత అన్నం పెట్టాలట. నీకివ్వాల్సిన పుస్తకాన్ని పోస్టులో పంపదు. వచ్చి ఆమె చేతుల మీదుగా తీసుకోవాలి. అందుకే నడక నేర్చుకోమన్నది.

ఆ తర్వాత ఆవిడ చివరి మాట చెప్పింది. “కొలువు పోయిన ఇళ్లలో మగవాళ్లు ఎట్లా కుంగిపోయారో మా గల్లీలో చూశాను. మా నాన్న కుంగిపోలేదు. రోజూ పొద్దున స్నానం చేసి, ఇస్త్రీ షేర్వానీ వేసుకుని, ఇంట్లోనే బల్ల ముందు పనికి కూర్చునేవాడు. ఆయనకి ఆ పని ఇచ్చింది ఈమె.”

నేను నోరు తెరిచాను. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆ మాట వదిలేసి, సభకి ధన్యవాదాలు అని ఏదో చెప్పి కూర్చోబోయాను. హమీదా గారికి తెలుగు చదవడం రాదు కానీ, టోలిచౌకిలో ఉంటూ వినడం రాకుండా ఎక్కడికి పోతుంది? మైకు నా ముందుకే మళ్లీ జరిపింది.

“ఆఖరి మాట చెప్పలే మీరు” అంది, తెలుగులో.

నీళ్లు తాగి, ఆ మాట కూడా తెలుగులో చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు.

రమామణి